చవక గూడు

పడమటి ఆఫ్రికాలో ఉప్పుటేటి ఒడ్డున పక్షుల పట్నం రోజురోజుకీ పెరుగుతోంది. గూడు లేనివాళ్లకు చవక గూళ్లు ఇస్తామని కొంగ చాటించింది. పెళ్లాం గుడ్లు పెట్టేలోగా కాస్త విశాలమైన గూడు దొరుకుతుందని, గిజిగాడు తన ఇరుకు గూటిని పోచ పోచగా విప్పేసి పేరు రాయించుకున్నాడు.

వారం తర్వాత వెళ్లి అడిగాడు.

"నీకు మంజూరైంది. కాగితం నీ గూటికి పంపాం. అక్కడ గూడే లేదని వెనక్కొచ్చింది" అంది కొంగ.

"లేదనే కదండీ ఇస్తామన్నారు?"

"నిజమే. కాగితం మాత్రం గూట్లోనే అందుకోవాలి."

గిజిగాడు మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. సగమయ్యేసరికి కొంగ తనిఖీకి వచ్చింది.

"నీకు గూడుందే! పేరు కొట్టేస్తున్నా."

"ఏమయ్యా, గుడ్లు ఎక్కడ పెట్టమంటావు?" అంది పెళ్లాం.

గిజిగాడు ముక్కున పోచ పట్టుకుని, అల్లాలో విప్పాలో తెలియక కొమ్మ మీద అలాగే నిలబడ్డాడు.