తాడుకి అటు చివర

మృదుల మళ్లీ రాజీవ్‌తోనే పరిగెడుతోందని తెలిసి కాలిఫోర్నియా డబ్లిన్‌లోని తెలుగువాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు.

మృదులకి పుట్టుకతో చూపు లేదు. ట్రాక్ మీద పక్కన గైడ్ ఉండాలి. ఇద్దరి చేతులకీ ఒకే తాడు. గెలిస్తే పతకం ఇద్దరి మెళ్లోనూ వేస్తారు.

ఆమె పుట్టిన చిన్న దీవి అమెరికాదే. ఆటలకి మాత్రం సొంత జెండాతో వెళుతుంది. వికలాంగుల అంతర్జాతీయ పోటీల్లో దానికి ఇంతవరకూ ఒక్క పతకం లేదు. 2008లో వచ్చేదే. సరిగ్గా పోటీ ముందు, ఆమె గైడ్ రాజీవ్ మెయిన్‌లాండ్ అమెరికా టీమ్‌లోకి దూకేశాడు. అక్కడైతే మెడల్ గ్యారంటీ, సారీ అని మెసేజ్ పెట్టాడు. ఆ ముక్క ఫోనే పైకి చదివి వినిపిస్తుంటే మృదుల విన్నది. గైడ్ లేక గ్యాలరీలో కూర్చుని, తను పరిగెత్తాల్సిన పరుగు కూడా విన్నది.

ఆ పెద్దమనిషికి అక్కడా ఏమీ దక్కలేదు. రిజర్వులో కూర్చోబెట్టారు. నాలుగేళ్లు పోయాక, నలభై దగ్గరపడ్డాక, సిగ్గు విడిచి సన్నీవేల్ నుంచి కారేసుకుని వచ్చాడు. మెడల్‌కి ఇదే తన ఆఖరి ఛాన్స్ అని బతిమాలాడు. మృదుల ఒక్క మాట తిట్టకుండా సరేనంది.

దీవిలో డాక్టరుగా ఉన్న తండ్రి పద్మనాభం ఫోన్లో మండిపడ్డాడు.

"వాడితోనా? మతి పోయిందా నీకు?"

"నా కసి తీరాలంటే వాడే కావాలి నాన్నా."

అంత వేగం ఉన్న గైడ్ ఇంకొకడు లేడని ఆయనకీ తెలుసు. ఊరుకున్నాడు.

రాజీవ్ ప్రాణం పెట్టి ప్రాక్టీస్ చేయించాడు. "ఈసారి ఆ టీమ్‌ని బీట్ చేసి చూపిద్దాం" అనేవాడు. మృదుల నవ్వేది.

ఫైనల్ శాక్రమెంటోలో. ఆఖరి మలుపులో ఇద్దరూ అందరినీ దాటేశారు. వెనక అడుగుల చప్పుడు కూడా దూరమైపోయింది.

"ముగింపు గీత వచ్చేసింది!" అని రాజీవ్ అరిచాడు.

దీవి నుంచి వచ్చిన పిడికెడు మందీ జెండా పట్టుకుని ఏడ్చేశారు. కాసేపటికి బోర్డు మీంచి మృదుల పేరు తీసేశారు. గీత ముందు దాటాల్సింది చూపులేని మనిషి. గైడ్ కాలు ముందు పడింది. పరుగు చెల్లదు.

రాజీవ్ ట్రాక్ మీదే కూలబడ్డాడు. ఆత్రంలో చూసుకోలేదని, ఆమె కష్టమంతా నాశనం చేశానని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మృదుల అతని చెయ్యి తడిమి తాడు విప్పింది.

"పోనీలే రాజీవ్, కావాలని చేశావా ఏమిటి?"

కావాలని చేసింది మృదుల: గీత వచ్చేసిందని అతను అరవగానే కాలు బిగబట్టి, అతన్ని ముందుకి పోనిచ్చింది.