దొడ్డి గేటు తాళం

మధ్యాహ్నం మూడింటికి దొడ్డి గేటు మళ్లీ తెరిచి ఉంది.

వంటింటి కిటికీలోంచి రెబెకా చూస్తోంది. ఎర్ర హెల్మెటు మనిషి కొబ్బరితోటలో బండి ఆపి, వాననీళ్లు తొక్కుకుంటూ వచ్చి, పెరట్లో విడిగా ఉన్న చిన్న ఇంట్లోకి దూరాడు. హెల్మెటైనా తియ్యలేదు. ఆ ఇంట్లో ఉండేది జగ్గారావు గారి కొత్త కోడలు లక్ష్మీతులసి. మొగుడు చూస్తే ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల దగ్గరున్నాడు. ఈ నెలంతా రాడట.

జగ్గారావు గారు పొద్దున్నే స్వయంగా వేసిన తాళాన్ని తీస్తున్నదెవరు? రెబెకాను తొలిచేస్తున్నది అదే.

పదేళ్లు కువైట్ ఇళ్లలో వండిన మనిషి. చూసింది చూసినట్టు మింగెయ్యడం అక్కడే నేర్చుకుంది. అయినా అమలాపురంలో ఈ లంకంత కొంపలో చేరిన పది రోజులకే ఆవిడ కడుపు ఉబ్బిపోతోంది.

పలివెల నుంచి వచ్చిన ఆ పిల్లకు తండ్రి ఎప్పుడో పోయాడు. పెళ్లయిన నెలకే తల్లీ పోయింది. మొదట్లో పంపిన కేరేజీ ముట్టకుండా తిప్పి పంపేది. అత్తగారు కామాక్షి ఆ గడప తొక్కదు, కోడలి మొహం చూడదు. మధ్యాహ్నం కాగానే “పడుకుంటున్నా, పిలవకు” అని తలుపేసుకుంటుంది. ఆవిడ లేచేసరికి హాలంతా మట్టి పాదాలు. అవి తుడవలేక రెబెకా నడుం పడిపోతోంది. ఎంత ఉన్నవాళ్లయితే మాత్రం, తల్లి పోయిన పిల్లను ఇలా వెలేస్తారా అని ఒకటే మంట.

సాయంత్రం కేరేజీ కోసం వెళ్లి నిలదీసింది.

“ఎవరమ్మా ఆ ఎర్ర హెల్మెటు?”

తులసి మొహం పాలిపోయింది. “చూసేరా? మావయ్యగారికి చెప్పకండి రెబెకాగారూ. తెలిస్తే ఆయన్ని ఈ ఛాయలకి రానివ్వరు.”

“గేటు నువ్వే తీస్తున్నావా?”

“నా దగ్గర తాళంచెవి ఎక్కడిదండీ? రోజూ తీసే ఉంటోందిట.”

రెబెకా కేరేజీ అందుకుంది. అంటే మూడో మనిషెవరికో తెలుసన్నమాట. ఆ మనిషి నోరు జారితే ఈ పిల్ల బతుకు రోడ్డున పడుతుంది. పోదామంటే పుట్టిల్లూ లేదు.

తిన్నగా కామాక్షి దగ్గరికి వెళ్లింది.

“అమ్మగారూ, దొడ్డి గేటుకి కొత్త తాళం వేయించండి.”

“ఎందుకూ?”

“కుక్కలొస్తున్నాయండీ.”

“ఎర్ర హెల్మెటు పెట్టుకునే కుక్కా?”

రెబెకా చేతులు జోడించింది. “అమ్మాయిగారు పసిదండీ. తల్లి పోయిన దుఃఖంలో ఏదో... వెళ్లగొట్టకండి అమ్మగారూ. ఎక్కడికెళ్తుందండీ?”

కామాక్షి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “నవ్విందా?”

“ఎవరండీ?”

“మా కోడలు. ఇవాళ నవ్విందా?”

“ఆయ్. వంటింటి దాకా వినబడిందండీ.”

“అన్నం తిందా?”

“కేరేజీ ఖాళీ అండీ.”

కామాక్షి కళ్లు చెమర్చాయి. చెంగు ముడి విప్పి, మట్టి అంటిన తాళంచెవి ఒకటి బల్ల మీద పెట్టింది.

“ఆషాఢంలో మొగుడు చాటుగా వస్తే తలుపు తియ్యడానికి దానికి తల్లి లేదుగా, రెబెకా!”