తెలుగు ముద్ర

పంపు అలా ఆన్ చేశాడో లేదో, ఎవరో వచ్చి ప్లగ్గు పీకేశారు.

సుధీంద్ర విసురుగా తలెత్తాడు. ఎదురుగా అరవై దాటిన మనిషి. చొక్కా చెమటతో తడిసిపోయింది. రొప్పుతున్నాడు.

"దీన్లోకి గాలి ఎక్కించకండి బాబూ! పేలిపోద్ది!"

శుక్రవారం పొద్దున్నే, నోయిడాలో, తన ఇంటి వరండాలోకి వచ్చి తెలుగులో కేకలేస్తున్న ఈ దారిన పోయే దానయ్య ఎవరో సుధీంద్రకి అర్థం కాలేదు.

ఎల్లుండి కూతురు సాత్విక పుట్టినరోజు. సొసైటీ పార్కులో పిల్లలందరికీ పెయింట్‌బాల్ ఆట పెడతానని మాటిచ్చాడు. రంగు గుళ్ళు పేల్చే తుపాకి తెచ్చాడు. దానికి గాలి టాంకు కావాలి. అది నింపించాలంటే గుర్గావ్ దాకా పోవాలి. ఆ ట్రాఫిక్‌లో ఎవడు పడతాడని, ఇంట్లోనే నింపుకునే చిన్న కరెంటు పంపు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. టాంకు మాత్రం కరోల్ బాగ్‌లో పాతది కొన్నాడు.

"పేలుతుందని మీకెవరు చెప్పారు?"

"కొట్టువాణ్ణి బతిమాలి మీ అడ్రసు పట్టుకొచ్చాను. ఇది లోపలంతా తుప్పు తినేసుంటది బాబూ."

"పరీక్ష చేసిన ముద్ర ఉందిగా!"

సుధీంద్ర టాంకు మెడ దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఇలాంటి టాంకుల్ని నీళ్ళ ఒత్తిడితో పరీక్ష చేస్తారు. తట్టుకుంటే తారీఖు, పరీక్షించినవాడి గుర్తు కొడతారు. దీని మీద గుర్తు తెలుగులో ఉంది. ‘కో’ అని.

కొట్లో ఇంకో నాలుగు టాంకులున్నా సుధీంద్ర దీన్నే ఏరి కొన్నది ఆ అక్షరం చూసే. ఢిల్లీలో తెలుగు ముద్ర! ఇంకేం చూడాలి?

"మనవాడు చూసి కొట్టిన ముద్రండీ ఇది. మనవాడు దొంగముద్ర కొడతాడా?"

పెద్దాయన ఆ అక్షరం మీద అరచెయ్యి కప్పాడు.

"ఆ ముద్రని నమ్మకండి," అన్నాడు.

"ఏం? నీకెలా తెలుసు?"

పెద్దాయన ఉన్నట్టుండి టాంకుని పంపు నుంచి ఊడదీసి, చంకన పెట్టుకుని పరుగందుకున్నాడు.

"చోర్! పకడో!" దొంగ, పట్టుకోండని హిందీలో అరిచాడు సుధీంద్ర.

గేటు దగ్గర గార్డులు పట్టుకున్నారు. ఒకడు చెంప ఛెళ్ళుమనిపించాడు. టాంకు లాక్కుని సుధీంద్ర చేతికిచ్చారు.

"బాబూ, నన్నేం చేసినా రేపు చెయ్యండి. ఫరీదాబాద్‌లో ఇలాంటి టాంకే ఇంకొకటుంది. సాయంత్రం పిల్లలు ఆడతారంట. వాళ్ళ ఫోన్ నంబరు దొరకలేదు, నన్ను పోనివ్వండి!"

"కథలు బాగానే చెప్తున్నావే!"

పేరు కూడా అడగలేదు. ఫోన్ నంబరు రాయించుకుని గార్డు గదిలో కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి గార్డు ఫోన్ చేశాడు. "సాబ్, ముసలాయన ఏడుస్తున్నాడు. వదిలెయ్యనా?"

"రహ్‌నే దో. ఐదింటి దాకా ఉండనీ. బుద్ధొస్తుంది."

భార్య మైథిలి వంటింట్లోంచి వచ్చింది.

"గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం ఎందుకండీ? పెద్దాయన. వదిలెయ్యమనండి."

"నీకు తెలీదు, ఊరుకో."

ఐదింటికి వదిలేశారు. ఆయన ఎవర్నీ ఒక్క మాటా అనలేదు. రోడ్డు మీదికి పరుగెత్తి, కదిలిపోతున్న ఆటో ఎక్కేశాడు.

మర్నాడు సుధీంద్ర మళ్ళీ పంపు తీస్తే మైథిలి అడ్డం నిలబడింది.

"ఒక్కసారి ఎవరికైనా చూపించి తెండి. దాని చుట్టూ మన పిల్ల తిరుగుతుంది. నాకు భయంగా ఉంది."

గొణుక్కుంటూ ఓఖ్లాలో సిలిండర్లు పరీక్షించే చోటికి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఇనప గోడ వెనక పెట్టి, నీళ్ళు నింపి ఒత్తిడి పెంచారు. సగం కూడా ఎక్కకముందే టాంకు నిలువునా చీలింది.

"దీన్ని ఇంతవరకూ ఎవరూ టెస్ట్ చేసినట్టు లేదు సార్," అన్నాడు అక్కడి మనిషి. "గాలితో నింపి ఉంటే మీరు నా ముందు నిలబడి ఉండేవారు కాదు."

సుధీంద్రకి సాత్విక మొహం కళ్ళ ముందు మెదిలింది. ఎంత పాపం చేశాను, చేతులెత్తి దణ్ణం పెట్టాల్సినవాణ్ణి కొట్టించాను అనుకున్నాడు. గార్డుని అడిగి ఆయన నంబరు తీసుకుని ఫోన్ చేశాడు.

ఎవరో ఆవిడ ఎత్తింది.

"నేను హైమవతినండి. కోటయ్య గారి భార్యని."

"అమ్మా, నిన్న టాంకు కోసం ఆయన నోయిడాలో మా ఇంటికొచ్చారు. ఆయనకి ఒక్కసారి ఫోనివ్వండి. క్షమించమని అడగాలి."

"ఆయన లేరు బాబూ." ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు పోయింది. "నిన్న ఫరీదాబాద్ ఆలస్యంగా వెళ్ళారు. అప్పటికే పంపు ఆడుతోందంట. చుట్టూ పిల్లలంట. వాళ్ళని అవతలికి నెట్టేసి, ఆపబోయారంట..."

సుధీంద్ర పక్కనే ఉన్న చీలిన టాంకు వైపు చూశాడు.

"మొత్తం పన్నెండు టాంకులు బాబూ. ఉద్యోగం మానేసి, ఏడాదిగా ఒక్కొక్కటే వెతికి ముక్కలుగా కోయించేశారు. మీ ఇంట్లోదీ, అదీ, రెండే మిగిలాయన్నారు."

"అవి చెడ్డవని ఆయనకెలా తెలిసిందమ్మా?"

"తెలియకేం బాబూ, యజమాని మాట కాదనలేక, పరీక్ష చెయ్యకుండా ఆ పన్నెండింటికీ ముద్ర కొట్టింది ఆయనే."