ఏడో మనిషి

తాటాకులో కట్టిన ముంజలు గడప పక్కన పెట్టి, ఆ మనిషి అరుగు మీద కూర్చున్నాడు.

సిరిసిల్లలో పుట్టింటికి వచ్చినప్పుడల్లా రజితకు ఇదే తంతు. మార్కండేయులు బిడ్డ రక్తం మీద చదివిందట అన్న మాట మరమగ్గాల సాంచెల చప్పుడును దాటి ఊరంతా పాకింది. పరీక్ష కాగితాలు పట్టుకొని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

"కాకా, నేను డాక్టర్ను కాదు. లెక్కలు చేస్త."

"ఎరికే బిడ్డా. నన్ను సత్తయ్య అంటరు. కొడిమ్యాలల తాళ్లెక్కి కల్లు గీస్త."

అతను కాగితాలేవీ తీయలేదు. మనుషుల ఎముకల మూలుగలోంచి తీసిన కణాలను ఏం చేస్తారని అడిగాడు.

రజితకు బస్సు టైమవుతోంది. బ్యాగు సర్దుకుంటూనే చెప్పింది. ఒక్కో కణంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూస్తారు. ఇంకా ఏమీ కాని కణం ఏ దారిన పోయి ఎర్రకణమో తెల్లకణమో అవుతుందో తను లెక్కగడుతుంది. ఆ దారి తప్పితే రక్త క్యాన్సర్.

"గా కణాలు ఇంక బతికే ఉంటయా?"

"లేదు కాకా. చూడాల్నంటే పగలగొట్టాలె. అంకెలే మిగుల్తయి."

"అందరియి పనికొస్తయా?"

"కొందరియి తీసి పారేస్తం."

అతను ముంజల కట్టను రజిత వైపు జరిపాడు. తర్వాత తువ్వాల భుజాన వేసుకొని, "మంచిగ చెయ్యి బిడ్డా" అని వెళ్లిపోయాడు.

వానాకాలానికి రజిత లెక్క చిక్కులో పడింది. దారి మొదలు తెలుస్తోంది, చివర తెలుస్తోంది, నడుమ ఖాళీ. సాంచె మీద నాయిన పాత పోగుకు కొత్త పోగు అతికినట్టు, ఆ రెంటినీ కలిపే కణాలు కావాలి.

చివరికి, రెండేసి కణాలు అంటుకొని అంకెలు కలగలిశాయనుకొని తానే తీసేసిన ఏడో మనిషి కణాలను మళ్లీ చూసింది.

నడుమ దారిలోవి అవే. లెక్క కుదిరింది.

మూలుగ ఇచ్చినవాళ్ల పేర్లు ఆమెకు తెలియనివ్వరు, వరస అంకెలే ఇస్తారు. ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలనిపించింది. మూలుగ తీసిన డాక్టరు నీలకు ఫోన్ చేసి, కనీసం ఆయనకు ఈ సంగతి చేరవేయమని బతిమాలింది.

నీల గొంతు తగ్గింది.

"పోయిన నెల చెట్టు మీదికెల్లి పడి సచ్చిపోయిండు. బిడ్డ రక్త క్యాన్సర్‌తోని పోతే, ఇంకొకరి బిడ్డకన్న అక్కెరకొస్తదని మూలుగ ఇచ్చిండు. ఎవరు చూస్తున్నరని అడిగితే సిరిసిల్ల అమ్మాయని నేనే చెప్పిన. ఇప్పుడు పేరు చెప్పొచ్చని ఆయన భార్య అన్నది."

"ఎవరు మేడం?"

"కొడిమ్యాల సత్తయ్య. తన కణాలు ఉంచిన్రో పారేసిన్రో అడుగుదామని ముంజలు పట్టుకొని మీ ఇంటికి అచ్చి, అడగలేక మర్లిపోయిండట."