జీపులో స్పీకర్లు

నాయన పాత జీపుకు తమ్ముడు ఓబులేసు పెద్ద స్పీకర్లు బిగిస్తున్నాడు.

"నాయన సంవత్సరీకమన్నా కాలేదు. అప్పుడే పాటలేందిరా, పెండ్లి ఊరేగింపా?" అన్నాను.

వాడు పని ఆపలేదు. "పాటల కోసం కాదక్కా. ఆ పొద్దు ఆస్పత్రికి తీసుకపోతాంటే దోవ పొడుగునా నీళ్లడిగినాడు నాయన. డాక్టరు ఫోన్లో వద్దన్నాడని నేనియ్యలేదు. బండి తీస్తే చాలు, ఇప్పటికీ వెనక సీట్లోనుంచి అడుగుతాండాడు."

వాడు స్పీకర్లు బిగించినాక, దేవుణ్ణి తలుచుకొని జీపులో వాడి పక్కన కూర్చున్నాను.

ముదిగుబ్బ దోవలో పాట హోరెత్తింది. చాన్నాళ్లకు వాడి ముఖం తేటపడింది.

ఆ పాట అయిపోయింది. ఇంకొకటి ఇంకా మొదలు కాలేదు.

మా ఇద్దరి చేతులూ ఒక్కసారే సీట్ల మధ్యన ఉన్న నీళ్ల సీసా మీద పడినాయి.