పదమూడో చీటీ

"నీ బిడ్డనే అంటించింది భూమన్నా! మా అత్త పానం మీదికి తెచ్చింది నీ బిడ్డనే!"

నిజామాబాద్ ఆస్పత్రి వరండాలో నిరోష అరుపుకు నర్సులు తిరిగి చూశారు. లోపల ఆమె అత్త ఈరవ్వ ఆక్సిజన్ మీద ఉంది. జావ ఫ్లాస్కు పట్టుకుని చూడటానికి వచ్చిన భూమన్న ఉన్నచోటే ఆగిపోయాడు.

"నవతకు సూది ఏపిచ్చినక్కా. చీటీ అంగి జేబుల నానిపోయింది. ఒట్టు."

"నీ ఒట్టు ఎవలికి గావాలె?"

నిరోషకు ఒళ్లు మండిపోతోంది. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి ఈరవ్వ. పోయినేడు ఫ్లూ జ్వరం వచ్చి చావు దాకా వెళ్లొచ్చింది. అప్పుడే డాక్టర్ చెప్పాడు. "ఈమెకు టీకా వేసినా అంతంత మాత్రంగానే పనిచేస్తుంది. చుట్టూ తిరిగే పిల్లలకు కూడా వేయించండి. ఫ్లూను ఇంటికి మోసుకొచ్చేది ఎక్కువగా వాళ్లే."

బోధన్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో నిరోష సాయంత్రాలు ట్యూషన్ చెబుతుంది. ఆమె కూతురితో కలిపి పదముగ్గురు పిల్లలు. పుట్నాల కోసం అందరూ ఈరవ్వ మంచం చుట్టూ చేరతారు. అందుకే వానలకు ముందే నిరోష తెగేసి చెప్పింది, ఫ్లూ టీకా వేయించనిదే పిల్లల్ని పంపొద్దని. ఉత్త జ్వరానికి సూదులేమిటని తల్లిదండ్రులు ఒంటికాలి మీద లేచారు. ఆమె పక్షాన నిలబడింది ట్యూషన్‌కొచ్చే చిన్ను తల్లి, పక్కింటి జ్యోతిరాణి ఒక్కతే. ఇల్లిల్లూ తిరిగి కొట్లాడింది. టీకా వేసినట్టు క్లినిక్ వాళ్లిచ్చిన చీటీలన్నీ తానే జమ చేసింది. "భూమన్నది తప్ప అన్నీ వచ్చినయక్కా" అని చెప్పింది. భూమన్న మాట మీద నిరోష నవతను కూడా రానిచ్చింది.

ఇప్పుడూ పక్కనే నిలబడి ఉంది.

"మా చిన్ను గూడ వారం సంది జరంతోని పండిండు. గీళ్ల పిల్లనే అంటిచ్చిందేమో" అంది జ్యోతిరాణి.

"ఇన్నవా భూమన్నా? సూది ఏసుకున్న పోరన్నే ఇడువలే, ముసల్దాన్ని ఇడుస్తదా? రేపటి సంది నీ బిడ్డ మా గడప తొక్కద్దు!"

భూమన్న ఫ్లాస్కును బల్ల మీద పెట్టాడు.

"నా బిడ్డకు జరమే రాలేదక్కా. నమ్మకపోతే క్లినిక్‌కు ఫోన్ చెయ్యి. పేర్లు రాసుకున్నరు."

"ఇప్పుడు ఫోన్లెందుకక్కా, పోనియ్యి" అని జ్యోతిరాణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు పోనియ్యాలె? అబద్ధమేందో గిక్కడనే తేలాలె!"

నిరోష చెయ్యి విడిపించుకుని ఫోన్ చేసింది. ట్యూషన్ పిల్లల పేర్లన్నీ చదవమంది. కాంపౌండర్ ఒక్కొక్కటే చదువుతున్నాడు. నాలుగో పేరు నవతది.

నిరోషకు తల కొట్టేసినట్టయింది. భూమన్న ముఖం చూడలేక, వేళ్లు మడుస్తూ మిగతా పేర్లు వింది.

"గింతే మేడం. మొత్తం పన్నెండు మంది."

నిరోష మెల్లగా జ్యోతిరాణి వైపు తిరిగింది. జ్యోతిరాణి గోడకేసి చూస్తూ గొణిగింది.

"అందరికి ఏపిచ్చినంక మావానికెందుకనుకున్న."