అరవై తాత భుజం

“అరవై అని రాసెయ్ తల్లీ, ఎందుకొచ్చిన గొడవ!” బల్ల మీద పడుకున్న తాత గొంతు తగ్గించి అన్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష. పోయిందంటే మళ్లీ ఆర్నెల్లు.

కాలేజీలో అందరూ ఆయన్ని అరవై తాత అంటారు. అరవై ఆయన వయసు కాదు. వయసు డెబ్బై దాటి చాలాకాలమైంది. బిగుసుకుపోయిన కుడి భుజం అరవై డిగ్రీలకు మించి లేవదని పేరు. ఏటా పరీక్షలకు రోగిగా వస్తాడు. చీటీలో అరవై తాత పడితే మిగతావాళ్లు కుళ్లుకుంటారు. అడిగితే చాలు, జవాబు చెప్పేస్తాడు మరి.

ఈ అమ్మాయి అడగలేదు. ఒక చేత్తో మోచేయి, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుని మెల్లగా ఎత్తింది. చెయ్యి అరవై దాటింది. తొంభై దాటింది. ఎక్కడా పట్టెయ్యకుండా వెళ్లి చెవికి ఆనింది. కోణం కొలిచే గోనియోమీటర్ ఆనించి చూసింది. నూట డెబ్బై ఐదు. నమ్మలేక మళ్లీ కొలిచింది. అంతే.

“తాతా, నీకేం జబ్బు లేదు!”

“ష్... అరవకు. మీ సారు దగ్గరున్న కాయితంలో అరవై అనే ఉంది.”

“మరి నేను కళ్లారా చూసింది?”

“నీ కళ్లకెవరు మార్కులేస్తారే పిచ్చిదానా? కాయితం చూసి వేస్తారు.”

అమ్మాయి పెన్ను అందుకుంది. కాగితం మీద నూట డెబ్బై ఐదు అని రాసింది.

తాత రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బూట్ల చప్పుడు వినగానే కుడి చెయ్యి మాత్రం గబుక్కున దించేశాడు.

ఎగ్జామినర్ కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. “నూట డెబ్బై ఐదా? గోనియోమీటర్ తలకిందులుగా పట్టుకున్నావా అమ్మాయ్?”

“సరిగ్గానే పట్టుకున్నాను సార్. రెండుసార్లు కొలిచాను.”

“ఈ భుజం సంగతి నాకు కొత్తా? ఏళ్ల తరబడి అరవయ్యే.”

“ఒక్కసారి మీరే ఎత్తి చూడండి సార్.”

“పరీక్ష నీకా, నాకా?” ఎర్ర పెన్ను మూత తీశాడు. “దిద్దుకుంటావా, సున్నా చుట్టమంటావా?”

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. “చుట్టండి సార్. నేను కొలిచింది మాత్రం అంతే.”

పెన్ను కాగితం మీదికి వంగింది.

“ఆగండి సార్!” తాత లేచి కూర్చున్నాడు. కుడి చెయ్యి నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు. “పిల్ల రాసిందే నిజం.”

ఎగ్జామినర్ ఆ చేతిని మోచేతి నుంచి వేళ్ల దాకా ఎగాదిగా చూశాడు. “ఇది... ఎప్పుడు తగ్గింది?”

“చాన్నాళ్లయిందండి. ఎత్తి చూసినవాళ్లే లేరు. పాపం పిల్లలు గదా అని, అడిగినవాళ్లకల్లా పాత లెక్కే చెబుతూ వచ్చాను.”

“కొలవకుండానే రాసుకుపోయారా? ఎవరా దద్దమ్మలు? ఏ బ్యాచి వాళ్లు?”

తాత ఎత్తిన చెయ్యి దించకుండానే, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

“తగ్గిన ఏడాది వచ్చింది తమరి బ్యాచే సార్. ఈ బల్ల పక్కనే నిలబడి, ‘ఎంతని రాయమంటావు తాతా?’ అని మొట్టమొదట అడిగింది తమరే.”